చుక్క

మెరియానా నర్సు కాగితం ఇచ్చింది.
కాగితం మీద ఒక గీత.
ఈ చివర సున్నా, ఆ చివర పది.
"ఈ వారం నీ జబ్బు ఎంత చురుగ్గా ఉంది తెరెమోవానా?
ఎక్కడో ఒకచోట గుర్తు పెట్టు."

టొకొరోవాలో ఆ ఉదయం మంచు.
మిల్లు పొగా మంచూ కలిసిపోయి
ఏది ఏదో తెలీడం లేదు.
నేను నడిచే వచ్చాను, రెండు కాళ్ళ మీద.
సున్నా పెట్టాను.

ఆమె కంప్యూటర్లోనూ సున్నాయే ఉంది.
కాకపోతే దాని పక్కన ఒక చుక్క,
చుక్క పక్కన యాభై ఎనిమిది.
"ముప్పై ఆరు దాటకూడదు," అంది.
ఎక్కువ వచ్చినందుకు చీవాట్లు తినే మార్కులు
లోకంలో ఇవేనేమో.

రక్తం లెక్క నాకు తెలీదు.
నా లెక్క దుప్పటితో.
కాలి మీద పడ్డ దుప్పటి దుప్పటిలా ఉంటే
జబ్బు లేదు.
రోకలైతే ఉంది.
మధ్యలో ఇంకేముంటుంది?

వచ్చిందా,
హైవే మీద దుంగల లారీ
చక్రాలన్నీ నా బొటనవేలి మీంచే పోనిస్తుంది.
పిల్లి మంచమెక్కితే భూకంపం.
వంటింట్లో ఫ్రిజ్ గురగుర కూడా ఎముకలోనే.
మెటువా వెళ్ళి సోఫాలో పడుకుంటుంది,
తను పక్కకి తిరిగితే పరుపు కదులుతుందని.

నాలుగో రోజో ఆరో రోజో
వచ్చినవాడు చెప్పకుండా వెళ్ళిపోతాడు.
బూటు కాలికి పడుతుంది.
మిల్లుకి పోతాను.
చీలమండ మెలిపడిందని ఫోర్‌మన్‌కి చెప్పిన మాట
గుర్తుంచుకుని, ఇంకో రెండ్రోజులు కుంటుతాను.
గౌటంటే నవ్వుతారు మరి.
"బీరు తగ్గించు పెద్దాయనా" అంటారు,
బీరు తాగుతూ.
మా నాన్నకీ ఉండేది.
చర్చి డీకన్, జన్మలో చుక్క ముట్టనివాడు.
ఆయన్నీ అదే అన్నారు.

"నొప్పి లేని రోజు మాత్రెందుకు?
వాన లేనప్పుడు గొడుగేసుకు తిరుగుతామా?"
అడిగాను.
గొడుగు సంగతి ఎత్తకుండా ఆమె
నా మోచెయ్యి తిప్పి చూసింది.
అక్కడ గోళీ అంత గట్టి ముద్ద.
మనవడు తుతాయి దాన్ని గోళీ అనే అంటాడు,
టీవీ చూస్తూ వేలితో దొర్లిస్తుంటాడు.
నొప్పి లేదు కదా,
దాన్నెప్పుడూ జబ్బులో కలపలేదు నేను.
"ఎన్నాళ్ళనించి?"
"వాడు పుట్టినప్పట్నించీ."

వాడి జుట్టు కత్తిరించిన రోజు గుర్తొచ్చింది.
అయిదేళ్ళు పెంచిన జుట్టు,
పాయకో రిబ్బను, రిబ్బనుకో చుట్టం,
మొదటి కత్తెర నాది.
శుక్రవారం రాత్రి వచ్చింది.
శనివారం హాల్లో కొయ్య డప్పులు.
ఒక కాలికి బూటు, ఒక కాలికి తువ్వాలు,
కుర్చీలో కూచునే కత్తెర వేశాను.
అందరూ లేచి ఆడారు.
దెబ్బ దెబ్బకీ పళ్ళు బిగబట్టాను.
ఫొటోల్లో అది నవ్వులానే పడింది.
ఆ శనివారాన్ని ఈ గీత మీద ఎక్కడ పెట్టాలి?
ఆమె అడిగింది ఈ వారం సంగతి.

మెటువా అంతసేపూ నోరు మెదపలేదు.
ఒళ్ళో సంచి, సంచి మీద చేతులు.
ఉన్నట్టుండి వంగి
నా ఎడమ బూటు పట్టుకుని నర్సు వైపు తిప్పింది.
బొటనవేలి దగ్గర తోలుకి చిన్న కిటికీ.
"పాతవాటికి కోశాడు, సరే.
ఇవి మొన్న కొన్నవి.
అట్టపెట్టెలోంచి తియ్యగానే
కత్తి తెమ్మన్నాడు.
అప్పుడేం నొప్పి లేదు."

కిటికీలోంచి మేజోడు కనపడుతోంది,
మేజోడులో వేలు,
తనకేమీ తెలీనట్టు.

కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది.
సున్నా కొట్టెయ్యలేదు.
దాని పక్కన ఒక చుక్క పెట్టి
పెన్ను మెటువాకిచ్చాను.